క్లౌజర్ మినో ఫ్లై నుంచి మెరుపు పోగులు ఊడిపోవడం

క్లౌజర్ మినో అంటే చిన్న చేపలా కనిపించేలా గాలానికి వెంట్రుకలు, మెరుపు పోగులు దారంతో కట్టి చేసే కృత్రిమ ఎర (ఫ్లై). దాన్ని నీటిలోకి రెండు మూడు సార్లు విసిరేసరికే మెరుపు పోగులు ఊడిపోతున్నాయని మీరు రాశారు. అందుకు కారణం దారం బలహీనత కాకపోవచ్చు. క్రాఫ్ట్ దుకాణాల్లో దొరికే మెరుపు పోగులు ఎక్కువగా నున్నటి పాలిస్టర్ పొర చీలికలు కనుక, ఒక కొసను మాత్రమే కడితే అవి చుట్ల కింద నుంచి జారిపోతాయి.

1. నాలుగైదు పోగులు చాలు.

2. చాలామంది వదిలేసే పని ఇది: పోగులను సరిగ్గా మధ్యలో గాలం కాడకు రెండు చుట్లతో బిగించి, ముందువైపు సగాన్ని వెనక్కి మడిచి, ఆ మడత మీదుగా మళ్లీ గట్టిగా చుట్టాలి. అప్పుడు పోగును ఎంత లాగినా మడత దారానికి అడ్డుపడి ఆగుతుంది.

3. కొసలను ఎగుడుదిగుడుగా కత్తిరించండి. సమానంగా కోస్తే ఫ్లై చీపురులా కనిపిస్తుంది.

చవక రకాల్లో రంగు వెలిసేవీ ఉంటాయి కాబట్టి, కట్టేముందు ఒక పోగును తడి గుడ్డతో రుద్ది చూడండి.