కొండవాలున మిగిలిన తిమొరాస్సో

ప్రశ్న: ఇటలీలో తిమొరాస్సో అనే తెల్లద్రాక్ష దాదాపు కనుమరుగై, మళ్లీ సాగులోకి వచ్చిందని చదివాను. అంత మంచి రకమైతే రైతులు ఎందుకు వదులుకున్నారు? గింజలు దాచి ఉంచితే సరిపోయేది కదా?

జవాబు: గింజల మాట ముందు తేల్చుకుందాం. ద్రాక్ష గింజను నాటితే తల్లి తీగ గుణాలు ఉన్నవి ఉన్నట్టుగా దిగవు. ఏ మొలక గుణం దానిదే. రకం నిలవాలంటే ఆ తీగ కొమ్మనే కోసి అంటు కట్టాలి. అంటే బతికున్న తీగ ఎక్కడో ఒకచోట మిగలాలి, దాన్ని పోల్చుకోగల మనిషీ ఉండాలి.

తిమొరాస్సో వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, తొర్తోనా పట్టణం చుట్టూ ఉన్న కొండలది. రుచి నచ్చక కాదు, గిట్టుబాటు కాక దాన్ని వదిలారు. దాని పూత సరిగా నిలవదు. ఒకే గుత్తిలో నిండుగా ఊరిన పండు పక్కనే ఎదుగూబొదుగూ లేని పిందె కనిపిస్తుంది. దిగుబడి ఏ ఏడు ఎంతో చెప్పలేము. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఫిలోక్సెరా అనే పేనుజాతి పురుగు ఐరోపా ద్రాక్షతోటల వేర్లను నాశనం చేయడంతో, ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతుల వేరుమూలాలపై అంటుకట్టి తోటలను మళ్లీ వేసుకోవలసి వచ్చింది. ఎలాగూ కొత్తగా వేస్తున్నప్పుడు, నమ్మకంగా కాసే కోర్తేసే అనే మరో తెల్లద్రాక్ష రకాన్ని కాదని ఈ మొండిదాన్ని ఎవరు పెట్టుకుంటారు? ఆ రైతులను తప్పుపట్టడం నాకు న్యాయమనిపించదు.

ఆ కొండల్లోని మొన్లెయాలే గ్రామానికి చెందిన ద్రాక్షరైతు వాల్టర్ మాస్సా తమ తోటలో మిగిలిన తీగల కాపును విడిగా కోసి, 1987లో ఆ ఒక్క రకంతోనే వైన్ చేశారు. సాధారణంగా తెల్లవైన్లను ఒకటి రెండేళ్లలోనే తాగేస్తారు. ఇది మాత్రం పులుపు దండిగా ఉండి, చిక్కగా ఉండి, సీసాలో ఏళ్ల తరబడి నిలిచి, పాతబడేకొద్దీ తేనెను, కొంత కిరోసిన్‌ను తలపించే వాసన సంతరించుకుంటుంది. కిరోసిన్ అనగానే ముఖం చిట్లించకండి, రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష వైన్లలోనూ ఎరిగినవారు దీన్నే వెతుక్కుంటారు.

ఆయన వెనుక ఇరుగుపొరుగు రైతులు కదిలారు. తరువాత ఎర్రవైన్‌కు పేరుపడ్డ బరోలో ఉత్పత్తిదారులు సైతం వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. తొర్తోనాకు రోమన్ల కాలంలో ఉన్న దెర్తోనా అనే పేరు ఇప్పుడు ఈ వైన్ సీసాలపై కనిపిస్తోంది. పూత తీరు మాత్రం మారలేదు. ఆ నష్టాన్ని ఇప్పుడు సీసా ధర పూడుస్తోంది.