కింది ఫ్లాట్ సిగరెట్ పొగ మా ఇంట్లోకి వస్తోంది, గొడవ కాకుండా ఎలా చెప్పాలి?

కింది ఫ్లాట్లో సిగరెట్ తాగితే పొగ మీ పడకగదిలోకి వస్తోందని, అద్దెకు ఉంటున్నారు కాబట్టి అడిగితే మాటామాటా పెరుగుతుందేమోనని భయంగా ఉందని రాశారు. రెండేళ్ల క్రితం మాదీ ఇదే బాధ. హైదరాబాద్ మియాపూర్‌లో మూడో అంతస్తు, మాదీ అద్దె ఇల్లే. మా బాబుకి అప్పుడు నాలుగేళ్లు. కాస్త చలి తగిలితే చాలు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి, రాత్రిళ్లు నెబ్యులైజర్ పెట్టాల్సి వచ్చేది. పొద్దున ఐదున్నరకి బాత్రూం తలుపు తీస్తే సిగరెట్ వాసన గుప్పుమనేది.

నేను మొదట చేసిన తప్పు చెబుతాను, మీరు మాత్రం చేయకండి. ఒకరోజు రాత్రంతా బాబు దగ్గుతూనే ఉన్నాడు. ఆ కోపంలో తెల్లవారగానే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "డక్ట్ వైపు సిగరెట్లు తాగేవాళ్లు పిల్లల గురించి కొంచెం ఆలోచించండి" అని పెట్టాను. డక్ట్ అంటే అన్ని అంతస్తుల బాత్రూం వెంటిలేటర్లూ తెరుచుకునే నిలువు సందు. మొదటి అంతస్తులో ఉండే ఉద్యోగం కుర్రాళ్లే అని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. వాళ్ల ఓనరు వాళ్లని పిలిచి కేకలేశాడు. తీరా చూస్తే వాళ్లలో సిగరెట్ ముట్టేవాళ్లే లేరు. వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆ అబ్బాయి "పర్లేదక్కా" అన్నాడు కానీ మొహం చిన్నబోయింది. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

తర్వాత మావారు ఒక పని చేశారు. అగరబత్తి వెలిగించి బాత్రూం వెంటిలేటర్ అద్దాల దగ్గర పట్టుకున్నారు. పొగ నిలువుగా పైకి లేచింది. నన్ను వెళ్లి వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయమన్నారు. వేసిన నిమిషంలోనే ఆ పొగ వంగి, తాడు పట్టి లాగినట్టు ఇంట్లోకి రావడం మొదలైంది. అప్పుడు అర్థమైంది. వంటింటి ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి తోస్తుంటే, ఆ ఖాళీ నింపడానికి డక్ట్‌లో గాలి బాత్రూంలోంచి లోపలికి వస్తోంది. పొద్దున్నే టిఫిన్ చేస్తూ నేనే రోజూ ఆ ఫ్యాన్ వేసేదాన్ని, కిటికీలన్నీ మూసి మరీ. వంటింటి కిటికీ ఒకటి తెరిచిపెడితే సగం తగ్గింది. బాత్రూంలో గాలిని బయటికి తోసే చిన్న ఫ్యాను, ఆగినప్పుడు రెక్కలు మూసుకుపోయే రకం, పెట్టించాం. కూలీతో కలిపి 2,000 రూపాయల లోపే అయింది. రూమ్ ఫ్రెషనర్ల జోలికి మాత్రం వెళ్లకండి. అవి వాసన మీద ఇంకో వాసన కలుపుతాయంతే, ఆయాసం ఉన్న పిల్లలకి అదీ పడదు.

పొగ వచ్చేది రెండో అంతస్తు నుంచి అని తర్వాత తెలిసింది. అక్కడ ఉండేది రిటైరైన పెద్దాయన. ఆయన సిగరెట్ తాగుతుండగా వెళ్లలేదు, పట్టుకోవడానికి వచ్చినట్టు ఉంటుందని. ఆదివారం సాయంత్రం బాబుని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆంటీ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. "అంకుల్, తప్పుగా అనుకోకండి. మన రెండు బాత్రూంలకీ డక్ట్ ఒకటే. పొద్దున పొగ మా వెంటిలేటర్‌లోంచి ఇంట్లోకి వస్తోంది. బాబుకి ఆయాసం. మీకు తెలిసే అవకాశం లేదు కదా, అందుకే చెబుదామని వచ్చాను" అన్నాను. సిగరెట్ మానేయమని అనలేదు. సిగరెట్ పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, వాటి గురించీ ఎత్తలేదు. ఆయనకి కావాల్సింది పాఠం కాదు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఇంట్లో మనవడున్నాడని బాత్రూంలోకి వెళ్తున్నానమ్మా. అది మీ ఇంట్లోకి వస్తుందని అనుకోలేదు" అన్నారు. ఆ మాట విన్నాక నాకున్న కోపమంతా పోయింది. బాల్కనీలోనో బాత్రూంలోనో తాగేవాళ్లలో చాలామంది తమ ఇంట్లోవాళ్లకి పొగ తగలకూడదనే అక్కడికి వెళ్తారు. ఆ ఒక్క విషయం మనసులో పెట్టుకుని మాట్లాడితే మన గొంతు దానంతటదే మెత్తబడుతుంది.

మర్నాటి నుంచి ఆయన లిఫ్ట్‌లో మేడ మీదకి వెళ్లడం మొదలుపెట్టారు. వాన పడితే మాత్రం కుదిరేది కాదు, మోకాళ్ల నొప్పులు కూడా. అందుకని ఒక ఒప్పందానికి వచ్చాం. అలాంటి రోజు ముందే నాకు మిస్డ్ కాల్ ఇస్తారు, నేను బాత్రూం తలుపు మూసి ఫ్యాన్ వేస్తాను. రెండు వానాకాలాలు అలాగే గడిచాయి.

చట్టం సంగతి కూడా అడిగారు. 2003 నాటి పొగాకు చట్టం, 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నిబంధనలు బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించాయి, 200 రూపాయల దాకా జరిమానా. సొంత ఫ్లాట్ లోపల తాగేవాళ్లకి అది వర్తించదు. కాబట్టి కేసు పెడతామని బెదిరిస్తే పని జరగదు, మాటలు కూడా ఆగిపోతాయి. లిఫ్ట్, మెట్లు, కారిడార్ దగ్గరైతే అసోసియేషన్ నియమం పెట్టవచ్చు. మా దగ్గర మేడ మీద ఓ మూల ఇసుక తొట్టి పెట్టారు. వద్దని బోర్డు తగిలించినప్పటికంటే, ఫలానా చోట తాగండి అని చూపించాకే మెట్ల మీద పీకలు కనబడటం తగ్గింది.

ఒకసారి చెప్పినా వినకపోతే వారం పదిరోజులు ఆగి ఇంకోసారి చెప్పండి, ఈసారి ఏ టైములో ఇబ్బందో కచ్చితంగా చెప్పి. "రాత్రి తొమ్మిది తర్వాత పాప పడుకుంటుంది, ఆ తర్వాత మాత్రం అటు వైపు బాల్కనీలో తాగగలరా" అని అడిగితే ఒప్పుకోవడం వాళ్లకీ సులువు. అప్పటికీ కుదరకపోతే సెక్రటరీకి విడిగా చెప్పండి, మీటింగులో పేరు ఎత్తకండి.

ముందు ఈరోజే అగరబత్తి వెలిగించి పడకగది కిటికీ, బాత్రూం వెంటిలేటర్, మెయిన్ డోర్ కింద సందు, మూడు చోట్లా పట్టి చూడండి. పొగ ఎటు వంగిందో ఇక్కడ రాయండి, ఏం మూయాలో చెబుతాను.