పైసా తీసుకోకుండా ఆడిన లెఫ్ట్ హాఫ్

డబ్బు కోసం కాకుండా ఇష్టం కొద్దీ ఆడిన పాతతరం ఫుట్‌బాల్ ఆటగాళ్లలో మీ మనసులో నిలిచిపోయినవారు ఎవరని అడిగారు. నా జవాబు ఒక్కటే పేరు: జోసెఫ్ డైన్స్. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన బ్రిటన్ జట్టులో లెఫ్ట్ హాఫ్, అంటే మైదానం మధ్యభాగంలో ఎడమవైపు ఆడేవారు. వృత్తి బడిపంతులు. నేను ఇరవై రెండేళ్లుగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. మోకాలు సహకరించినన్నాళ్లూ ఆదివారాల్లో మా ఊరి జట్టులో ఆయన స్థానంలోనే ఆడాను. అందుకే ఆయన మీద నాకు పక్షపాతం ఉంది.

ఆయన 1886లో ఇంగ్లండ్‌లోని కింగ్స్ లిన్‌లో పుట్టారు. ఎక్కువగా ఆడింది లండన్ శివార్లలోని ఇల్‌ఫర్డ్ క్లబ్బుకు. 1912లోనే లివర్‌పూల్ తరఫున ఒకే ఒక్క మ్యాచ్ ఆడారు. అంత పెద్ద క్లబ్బు చొక్కా వేసుకున్నాక కూడా బడి వదల్లేదు, ఆటను జీవనోపాధి చేసుకోలేదు.

ఆ ఒలింపిక్స్‌లో బ్రిటన్ హంగరీని 7-0తో, ఫిన్లండ్‌ను 4-0తో, ఫైనల్లో డెన్మార్క్‌ను 4-2తో ఓడించింది. హంగరీ మీద హెరాల్డ్ వాల్డెన్ ఒక్కరే 6 గోల్స్ కొట్టారు కాబట్టి అందరూ ఆయన పేరే చెబుతారు. అవతలివాడి కాలి దగ్గర బంతి తెంపి, మనవాడి కాళ్ల ముందుకు తోసి, మళ్లీ వెనక్కి పరుగెత్తేవాడి పేరు స్కోరులో ఎక్కడా ఉండదు. మూడు మ్యాచ్‌ల్లో 15 గోల్స్ గాలిలోంచి రాలలేదు. ఫైనల్లో డెన్మార్క్ ఆటగాడు గాయపడి బయటికి వెళ్లాడనీ, బదులు ఆటగాణ్ణి దించే నియమం అప్పట్లో లేదు కాబట్టి బ్రిటన్ పదిమంది మీద గెలిచిందనీ కొందరు తీసిపారేస్తారు. ఆ డెన్మార్క్ ఆటగాడు బయటికి వెళ్లేటప్పటికే బ్రిటన్ ఆధిక్యంలో ఉందన్న సంగతి మాత్రం చెప్పరు.

ఇక మా ఎనిమిదో తరగతి సంగతి. ఒక రోజు యూనిట్ టెస్టు సిలబస్ పూర్తికాలేదని ఆటల పీరియడ్‌ను నాకు ఇచ్చారు. ఇది నాకు ఎప్పుడూ కడుపుమంటే. వానలకు భవనం పైకప్పు కారినా, లెక్కల మాస్టారు సెలవు పెట్టినా, తనిఖీకి అధికారులు వస్తున్నా కోత పడేది ఆటల పీరియడ్‌కే. పీఈటీ మాస్టారు ఏమీ అనలేక బంతిని బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు.

నేను బోర్డు మీద రెండు తేదీలు రాశాను: 27-9-1918, 11-11-1918. మధ్య ఎన్ని రోజులని అడిగాను. ఒకడు 44 అన్నాడు, ఇంకొకడు 46 అన్నాడు. పిడికిలి కణుపుల మీద నెలలు లెక్కపెట్టి ముందు వరుస అమ్మాయి 45 అని తేల్చింది. రెండో తేదీన మొదటి ప్రపంచయుద్ధం ఆగిపోయిందనీ, మొదటి తేదీన సెకండ్ లెఫ్టినెంట్ డైన్స్ ఉత్తర ఫ్రాన్స్‌లో, కెనాల్ దు నోర్ అనే కాలువ దగ్గర బ్రిటిష్ సేనలు దాడి మొదలుపెట్టిన రోజే చనిపోయారనీ చెప్పాను. వయసు 32. సమాధి అక్కడే ఆవ్రెంకూర్ ఊరి దగ్గర ఉంది. గది నిశ్శబ్దమైపోయింది. అప్పుడు వెనక బెంచీ కుర్రాడు లేచి, "మరి ఆయన క్లాసుకు ఎవరు వెళ్లారు సార్?" అన్నాడు.

మాస్టారు రాకపోతే పక్క క్లాసు మాస్టారు వస్తారు కదా, వాడు అదే లెక్కన అడిగాడు. నాకు నోట మాట రాలేదు. సుద్దముక్క పక్కన పెట్టి, పీఈటీ మాస్టారి దగ్గర తాళం తీసుకుని, పిల్లలందరినీ మైదానానికి తీసుకెళ్లాను. తుంపర పడుతోంది. బంతి నీళ్లు పీల్చి బరువెక్కింది. అడిగిన కుర్రాణ్ణే లెఫ్ట్ హాఫ్‌లో నిలబెట్టాను.

మర్నాడు సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. అందులో హైదరాబాద్ రహీం సాహెబ్ పేరు కూడా రాశాను. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కూడా ఒకప్పుడు బడిపంతులే. బళ్లలో ఆటల పీరియడ్ మింగేస్తూ, మనకు ఫుట్‌బాల్ ఎందుకు రాదని టీవీ ముందు కూర్చుని తిట్టుకోవడం అన్యాయం.

ఆ యూనిట్ టెస్టు శనివారం పెట్టాను. ఒక్కరికీ మార్కులు తగ్గలేదు.