జామాయిల్ పురుగు పుట్టిల్లు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మాకు నాలుగెకరాల జామాయిల్ తోట ఉంది. కోత తరువాత వచ్చిన పిలకల్లో లేత ఆకుల ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలు లేచి, ఆకులు ముడుచుకుపోయి, ఎదుగుదల ఆగిపోయింది. ఇది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పురుగని, డీఎన్‌ఏ పరీక్షలు చేసి దాని మూలం కనిపెట్టారని ఒక శిక్షణ తరగతిలో చెప్పారు. కంటికి సరిగా ఆనని పురుగు ఏ దేశానిదో డీఎన్‌ఏ ఎలా చెబుతుంది? చెప్పినా మాబోటి రైతుకు ఒరిగేదేమిటి?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీరు రాసిన లక్షణాలు లెప్టోసైబ్ ఇన్వేసా అనే కందిరీగ జాతి పురుగు చేసే నష్టానికి సరిపోతున్నాయి. పెద్దపురుగు పొడవు మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఒక బుడిపెను బ్లేడుతో నిలువుగా కోసి భూతద్దంలో చూడండి. లోపల చిన్న చిన్న గదులు, ఒక్కో గదిలో కాళ్ళు లేని తెల్లటి పిల్లపురుగు ఒకటి కనిపిస్తాయి. బుడిపె పైన సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలుంటే అక్కడి పురుగులు అప్పటికే బయటపడి ఎగిరిపోయాయని అర్థం.

ఈ పురుగు 2000లో ఇజ్రాయెల్, దాని చుట్టుపక్కల దేశాల తోటల్లో మొదట కంటబడింది. కొద్ది సంవత్సరాల్లోనే మధ్యధరా తీరానికి, ఆఫ్రికాకు, దక్షిణ భారతానికి పాకింది. శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టింది 2004లో. అంటే ఊళ్ళు పట్టుకు తిరిగాక గానీ దీనికి నామకరణం జరగలేదు. జామాయిల్ చెట్లు ఆస్ట్రేలియావి కనుక పురుగూ అక్కడిదే అయి ఉండాలని తొలి నుంచీ అనుకున్నారు. అయితే అది ఊహే తప్ప రుజువు కాదు, ఎందుకంటే ఈ చెట్ల జాతులు కొన్ని తైమూర్, న్యూగినీ, ఫిలిప్పీన్స్ దీవుల్లో కూడా సహజంగా పెరుగుతాయి. పైగా సొంత గడ్డ మీద ఇలాంటి పురుగును దాని శత్రువులు అదుపులో ఉంచుతాయి కాబట్టి అక్కడ అది తెగులుగా ఎవరి కంటా పడదు. వెతికి పట్టుకోవలసి వస్తుంది.

డీఎన్‌ఏ పని ఇక్కడే మొదలవుతుంది. వేర్వేరు దేశాల తోటల్లో పట్టిన పురుగులను చిక్కటి ఆల్కహాల్‌లో వేసి ప్రయోగశాలకు చేరుస్తారు. పరీక్షలో ముఖ్యంగా రెండు రకాల గుర్తులను చూస్తారు. మొదటిది మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే చిన్న భాగాలు) లోని డీఎన్‌ఏ. మనకు ఇంటిపేరు తండ్రి నుంచి వచ్చినట్టే ఈ డీఎన్‌ఏ తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు వస్తుంది కనుక దీన్ని తల్లివైపు ఇంటిపేరు అనుకోవచ్చు. దానిలో ఒక నిర్ణీత భాగాన్ని, సుమారు 650 అక్షరాల (డీఎన్‌ఏలో వరుసగా ఉండే రసాయన గుర్తుల) పొడవున్నదాన్ని, చదివి పోల్చుతారు. రెండవది మైక్రోశాటిలైట్లు. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు ‘సీఏ సీఏ సీఏ’ అన్నట్టు వరుసగా తిరిగి తిరిగి వస్తుంటాయి. ఒక పురుగులో పన్నెండుసార్లు వస్తే మరొకదానిలో పదిహేనుసార్లు రావచ్చు. ఈ లెక్క మామూలుగా తల్లిదండ్రులిద్దరి నుంచీ అందుతుంది, తరాలు గడిచేకొద్దీ త్వరగా మారుతుంది కూడా. అందువల్ల దగ్గరి చుట్టరికాలను తేల్చడానికి ఇంటిపేరు కంటే ఇది నమ్మకమైనది.

వీటితో ఊరు ఎలా తెలుస్తుందంటే, పాత ఊళ్ళో ఎన్నో ఇంటిపేర్లుంటాయి. ఆ ఊరి నుంచి రెండు కుటుంబాలు పోయి వేరేచోట కొత్తగా ఒక పల్లె కట్టుకుంటే, ఎన్ని తరాలైనా ఆ పల్లెలో ఆ రెండు ఇంటిపేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. పురుగులూ అంతే. పుట్టిన గడ్డ మీద వైవిధ్యం ఎక్కువగా, వలస వచ్చిన చోట తక్కువగా ఉంటుంది. వచ్చిన చోట కనిపించే రకాలు పుట్టినచోట ఏ ప్రాంతపు రకాలతో కలుస్తాయో చూసి వలస దారిని అంచనా కడతారు. అయితే ఇది గణాంకాలతో తూచే సంభావ్యత మాత్రమేనని మరువకూడదు. అసలైన పుట్టిల్లు ఉన్న ప్రాంతం నుంచి నమూనాలే తేకపోతే, లెక్క దానికి దగ్గరి చుట్టమున్న మరో ప్రాంతాన్ని చూపించి ఊరుకుంటుంది. ‘ఫలానా దేశం నుంచి వచ్చింది’ అని ఎవరైనా చెబితే, ఎన్ని చోట్ల నుంచి నమూనాలు తెచ్చి పోల్చారని మీరు తప్పక అడగండి.

మీ తోటలోని పురుగు విషయంలో ఈ పరీక్షలు ఎవరూ అనుకోని సంగతి ఒకటి బయటపెట్టాయి. ఒకే పురుగనుకున్నదానిలో రెండు వేర్వేరు వంశాలున్నాయని 2015లో తేలింది. తరువాత 2018లో ఎన్నో దేశాల నమూనాలను పోల్చినప్పుడు, ఇది ఒక్కసారి ఒక్కచోటు నుంచి రాలేదని, వేర్వేరు మూలాల నుంచి పలుమార్లు వచ్చిందని, కొన్ని దేశాల్లో రెండు వంశాలూ పక్కపక్కనే ఉన్నాయని స్పష్టమైంది. ఈ పురుగు శరీరంలో రికెట్సియా అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. మగపురుగుతో పని లేకుండా ఆడపురుగులు ఆడపిల్లలనే కనడానికి ఈ బ్యాక్టీరియాయే కారణమని భావిస్తున్నారు. ఒక్క ఆడపురుగు చాలు, ఒక ఖండంలో కొత్త సంతతి మొదలుకావడానికి.

ఇక మీకు ఒరిగేదేమిటన్న ప్రశ్న న్యాయమైనది. పుట్టిల్లు తెలిస్తే అక్కడ దాన్ని తినే మిత్రపురుగులు ఎక్కడ దొరుకుతాయో తెలుస్తుంది. క్వాడ్రాస్టికస్ మెండెలీ అనే ఆస్ట్రేలియా మిత్రపురుగు అలా ఇజ్రాయెల్‌కు, అక్కడి నుంచి మన దేశానికీ వచ్చింది. అది బుడిపెలోని పిల్లపురుగును తిని పెరుగుతుంది. అందుకే బుడిపెలు కనిపించగానే మందు కొట్టవద్దని నా మనవి. మందు బుడిపె లోపలి పురుగును సరిగా చేరదు గానీ, బయట తిరిగే మిత్రపురుగును మాత్రం చంపుతుంది. రెండో లాభం క్లోన్ల, అంటే ఒకే తల్లిచెట్టు నుంచి పెంచిన అచ్చంగా ఒకేలాంటి మొక్కల, ఎంపికలో ఉంది. ఒక వంశాన్ని తట్టుకున్న క్లోన్ మరో వంశాన్ని కూడా తట్టుకుంటుందని ముందే అనుకోలేము కాబట్టి, ఏ వంశం మీద పరీక్షించారో తెలియడం అవసరం. మూడోది నర్సరీ మొక్కల సంగతి. గుడ్డు నుంచి పెద్దపురుగు బయటికి రావడానికి ఇజ్రాయెల్ పరిశీలనల్లో నాలుగు నెలలకు పైగా పట్టింది. బుడిపె ఇంకా తేలని పచ్చటి మొక్కలో కూడా గుడ్లు ఉండవచ్చు కనుక, పురుగు ఉన్న ప్రాంతపు నర్సరీ నుంచి మొక్కలు తేకపోవడమే మేలు.

ప్రశ్న: మేము మిషిగన్‌లో ఉంటున్నాము. మా వీధిలోని యాష్ చెట్లన్నీ ఒక ఆకుపచ్చ పెంకుపురుగు వల్ల చచ్చిపోగా నగరపాలక సంస్థ నరికించింది. దాని మూలాన్నీ ఇలాగే కనుక్కున్నారా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అవును. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆ పురుగును 2002లో డెట్రాయిట్ దగ్గర మొదట గుర్తించారు. చచ్చిన చెట్ల మానుల్లోని వలయాలను లెక్కపెట్టి చూస్తే, అది అంతకు దాదాపు పదేళ్ళ ముందే వచ్చి చేరిందని తేలింది. ఆసియాలోని పలు ప్రాంతాల పురుగులతో డీఎన్‌ఏ పోల్చిన పరిశోధన 2011లో వెలువడింది. చైనాలోని హెబెయ్, టియాంజిన్ ప్రాంతాల పురుగులతో మీ ఊరి పురుగులు ఎక్కువగా కలిశాయి.

అయితే పుట్టింటి మిత్రపురుగే అన్నివేళలా పనికొస్తుందని చెప్పలేము. టియాంజిన్ నుంచి తెచ్చిన స్పాథియస్ అగ్రిలీ మీ ఉత్తరాది చలికి నిలదొక్కుకోలేకపోయింది. దానితో రష్యా తూర్పు చివర నుంచి స్పాథియస్ గలీనే అనే దాని బంధువును తెప్పించి, 2015లో అనుమతి పొంది వదిలారు. అది చలిని ఓర్చుకుని నిలబడుతోంది.