ఫ్యాను విప్పనివ్వండి, గీజర్ వద్దు

ప్రశ్న: మా హాల్లో ఫ్యాను పన్నెండేళ్ల నాటిది. ఈ మధ్య స్విచ్ వేస్తే గుయ్‌మంటుంది కానీ తిరగదు. కర్రతో రెక్కను తోస్తే నెమ్మదిగా తిరుగుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి కింద నుంచే చూసి ‘వైండింగ్ పోయింది, తొమ్మిది వందలవుతుంది’ అన్నాడు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి వీడియోలు చూసి తనే బాగు చేస్తానంటున్నాడు. బాత్రూంలో గీజర్‌ను తాకితే చెయ్యి జివ్వుమంటోంది, దాన్నీ విప్పుతానంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. చేయనివ్వమంటారా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ఫ్యాను చేయనివ్వండి. గీజర్ జోలికి మాత్రం పోనివ్వకండి. ముందు ఈ పని చేయండి: ఇంటి మెయిన్ ఆఫ్ చేసి, గీజర్ ప్లగ్ పీకేయండి. బాగయ్యేదాకా స్నానానికి నీళ్లు పొయ్యి మీద కాచుకోండి.

ఇక ఫ్యాను సంగతి. కర్రతో తోస్తే తిరుగుతోందని మీరు రాసిన ఒక్క ముక్కతోనే సగం తెలిసిపోయింది. ఫ్యాను మోటారుకు మొదటి ఊపు ఇచ్చేది కండెన్సర్. అది చచ్చిపోతే మోటారు గుయ్‌మంటుంది తప్ప కదలదు. మీరు ఏ పక్కకు తోస్తే ఆ పక్కకే తిరుగుతుంది. వైండింగ్, అంటే మోటారులోని తీగచుట్ట, కాలితే సాధారణంగా మాడిన వాసన వస్తుంది. స్విచ్ ఆపి రెక్కలను చేత్తో తిప్పి చూడండి. గరగర లేకుండా హాయిగా తిరిగితే బేరింగులు కూడా బాగున్నట్టే. ముప్పై ఏళ్లు ఒంగోలులో రిపేరు షాపు నడిపాను. వైండింగ్ అని మోసుకొచ్చిన ఫ్యాన్లలో ఎన్నింటికో కండెన్సర్ మార్చి పంపాను. మీకొచ్చినాయన మోసం చేశాడని అనను. కానీ నిచ్చెనెక్కకుండా వైండింగ్ అని తేల్చడం తప్పు.

కొత్త కండెన్సర్ వంద రూపాయల లోపే వస్తుంది. మామూలు సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, కొన్నిటికి 3.15. పాతదాని మీద అంకె చూసి అదే తెమ్మనండి. విప్పే ముందు ఏ తీగ ఎక్కడుందో సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోమనండి. రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాను అయితే ఈ మాటలేవీ పనికిరావు. దాని లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, కంపెనీ మనిషిని పిలవాల్సిందే.

ఒక్క విషయం మాత్రం మీరు దగ్గరుండి చూడాలి. ఫ్యాను స్విచ్ ఆపితే చాలనుకోవద్దు, మెయిన్ దించాలి. పాత ఇళ్లలో వైరింగ్ చేసినవాళ్లు స్విచ్‌ని కరెంటు తెచ్చే ఫేజ్ తీగకు బదులు, అది తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగకి పెట్టేసి ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపితే ఫ్యాను ఆగుతుంది కానీ తీగలో కరెంటు అలాగే ఉంటుంది. మా షాపులో పని నేర్చుకుంటున్న మా బామ్మర్ది కొడుకుని ఒక ఇంటికి పంపి, ‘స్విచ్ ఆపి చెయ్యరా’ అన్నాను. షాక్ కొట్టి స్టూలు మీంచి పడ్డాడు, మణికట్టు విరిగింది. ఆ మాట అన్నది నేను. ఇప్పటికీ వాడి చెయ్యి చూస్తే నాకు బాధే. మెయిన్ దించాక కూడా టెస్టర్ పెట్టి చూడాలి. ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో అంతకుముందే కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూసుకోవాలి. పాత కండెన్సర్‌లో కరెంటు మిగిలి ఉండొచ్చు. దాని రెండు తీగల కొనలనూ ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో ఒకసారి కలిపాకే ముట్టుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కనివ్వకండి, గట్టి నిచ్చెన వేసి మీరు పట్టుకోండి.

గీజర్ ఎందుకు వద్దంటున్నానంటే, ఫ్యానులో తీగ తప్పు కలిపితే చాలావరకు ఉల్టా తిరుగుతుంది, లేదా తిరగదు. గీజర్‌లో తప్పు జరిగితే అది తెలిసేది తడి ఒంటితో దాని కింద నిలబడినవాళ్లకే. చెయ్యి జివ్వుమందంటే అక్కడ సాధారణంగా రెండు లోపాలుంటాయి. ఉప్పు నీళ్లకు, నీళ్లు కాచే ఎలిమెంట్ మీద పొర పేరుకుని ఆ ఎలిమెంట్ పగిలి ఉండొచ్చు. దానితోపాటు ఎర్త్ సరిగా లేదు. ఎర్త్ బాగుంటే ఆ కరెంటు మీ చేతిలోకి కాదు, భూమిలోకి పోవాలి. ఎలిమెంట్ ఒక్కటే మార్చి ‘అయిపోయిందమ్మా’ అంటే ఒప్పుకోకండి. ఎర్త్ చూపించమని అడగండి. 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. కరెంటు పక్కదారి పడితే కళ్లు మూసి తెరిచేలోగా అది సరఫరా ఆపేస్తుంది. దానికయ్యే డబ్బుల దగ్గర వెనకాడవద్దు. తీసిన పాత ఎలిమెంట్ మీ చేతికిచ్చి వెళ్లమనండి.

ఆ పని జరిగేటప్పుడు మీ అబ్బాయిని పక్కన నిలబడి చూడమనండి, ప్రశ్నలు అడగమనండి. ఫ్యాను తిరిగాక, పాత కండెన్సర్ మీద ఏ అంకె ఉందో నాకు రాయండి.