ఉప్పు, బొగ్గు పోసినా పిలుపు అందదేం?

ప్రశ్న: మహబూబ్‌నగర్ దగ్గర మా పొలంలో హామ్ రేడియో 40 మీటర్ల బ్యాండ్ (తరంగం పొడవు సుమారు 40 మీటర్లు) కోసం పది మీటర్ల అల్యూమినియం పైపును యాంటెన్నాగా నిలబెట్టాను. ఎలక్ట్రీషియన్ చేత ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ పిట్ తీయించి, కోయాక్స్ కేబుల్ షీల్డ్‌ను (పై అల్లిక తీగను) దానికే కలిపాను. ఎస్‌డబ్ల్యూఆర్ (కేబుల్‌కీ యాంటెన్నాకీ పొందిక చెప్పే అంకె, 1 అయితే పూర్తి పొందిక) 1.3 చూపిస్తోంది. అందరూ నాకు వినిపిస్తారు, నేను పిలిస్తే మాత్రం పలికేవాళ్లు తక్కువ. పిట్ ఇంకా లోతు చేయించాలా?

జవాబు: వద్దండి, ఆ డబ్బు దాచుకోండి. మీ ఎలక్ట్రీషియన్ తప్పేం చేయలేదు. ఆయన తీసింది పిడుగుకీ, కరెంటు లీకేజీకీ పనికొచ్చే గుంత. దాన్ని ఇంటి మీటరు దగ్గరి ఎర్త్‌తో కలిపి అలాగే ఉంచండి. మీ యాంటెన్నాకి కావలసింది వేరే.

మీ పైపులాంటి పావు తరంగం వర్టికల్ (తరంగంలో నాలుగోవంతు పొడవుతో నిటారుగా నిలిచే యాంటెన్నా) అంటే సగం యాంటెన్నానే. మిగతా సగం నేల. పైపు చుట్టూ పది పదిహేను మీటర్ల మేర నేలలో పుట్టే ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) కరెంటు మళ్లీ పైపు మొదటికి చేరాలి. చెలక నేల, కింద బండ, ఎండాకాలం తడి ఉండదు. ఆ మట్టిలోంచి ఈదుకుంటూ వచ్చేసరికి మీ వాట్లలో చాలా భాగం నేలను వేడి చేయడానికే పోతుంది. ఉప్పు, బొగ్గు గుంత చుట్టూ అడుగు రెండడుగుల మేరే పనిచేస్తాయి, మిగతా పొలానికి వాటితో సంబంధం లేదు.

ఇక ఆ 1.3. దాన్ని చూసి సంతోషపడేవాళ్లను నేను చాలామందిని చూశాను. మంచి నేల మీద ఈ వర్టికల్ ఇంపెడెన్స్ (ఆర్‌ఎఫ్ కరెంటుకి ఎదురయ్యే నిరోధం) 36 ఓమ్‌ల దగ్గర ఉండాలి. అంటే 50 ఓమ్‌ల కేబుల్‌తో ఎస్‌డబ్ల్యూఆర్ 1.4. మీ ఫీడ్ పాయింట్ (యాంటెన్నాకి కేబుల్ కలిసే చోటు) దగ్గర నానోవీఎన్‌ఏ (యాంటెన్నాను కొలిచే చిన్న మీటరు) పెట్టి చూడండి, 65 ఓమ్‌లు చూపిస్తే అందులో 29 నేల తినేస్తున్నట్టు. దాదాపు సగం పవర్ గోవిందా. డమ్మీ లోడ్‌కి (పవర్‌నంతా వేడిగా మార్చేసే, పరీక్షలకి వాడే రెసిస్టర్) ఎస్‌డబ్ల్యూఆర్ ఎప్పుడూ 1 ఉంటుంది, దాంతో ఎవరైనా ఢిల్లీతో మాట్లాడారా?

ఎలక్ట్రికల్ షాపులో 1 చదరపు మిల్లీమీటర్ హౌస్ వైర్ 90 మీటర్ల కాయిల్ ఒకటి తెచ్చుకోండి. 16 ముక్కలు చేస్తే ఒక్కోటి ఐదున్నర మీటర్ల పైచిలుకు వస్తుంది. పైపు మొదట్లోంచి బండి చక్రం ఆకుల్లా నలువైపులా పరిచి, షీల్డ్ వైపు కలపండి. పై ప్లాస్టిక్ తీయక్కర్లేదు. నేల మీద ఇలా పరిచే తీగలకి (రేడియల్స్) కొలత పట్టింపు కూడా లేదు. ఉన్న తీగతో నాలుగు పొడుగువి వేయడం కంటే పదహారు పొట్టివి వేయడమే మేలు. జీఐ తీగను యూ ఆకారంలో వంచి గుచ్చితే చాలు, నాలుగు వానలకి గడ్డి కప్పేస్తుంది. నాగలి తగిలే చోటైతే రెండంగుళాలు పూడ్చండి, అంతకన్నా లోతు దండగ. 1937లో అమెరికా రేడియో కంపెనీ ఆర్‌సీఏ ఇంజనీర్లు బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ 113 దాకా రేడియల్స్ పరిచి కొలిచి చూశారు. మీడియం వేవ్ టవర్ల కింద 120 తీగల ఆనవాయితీ అక్కడిదే. మనకి అంత అవసరం లేదు.

వేస్తూ వేస్తూ మీటరు చూడండి. 1.3 నుంచి 1కి దిగి మళ్లీ 1.4 వైపు ఎక్కుతుంది. అలా ఎక్కితే గెలిచినట్టే.

పైపుకి రాగి తీగను నేరుగా బిగించకండి. ఒక్క వానాకాలానికే అక్కడ తెల్లటి పొడి పట్టి జాయింటు పాడవుతుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీల్ వాషర్ వేసి, బోల్టూ అదే వాడండి.

ఇంకో మాట. మీకు కావలసింది పగటిపూట విజయవాడ, అనంతపురం వాళ్లతో కబుర్లయితే వర్టికల్ దానికి సరిపడదు. దాని తరంగం దిగువ కోణంలో దూరం పోతుంది. దగ్గరివాళ్ల కోసం ఒక ఇన్వర్టెడ్ వీ (నడుమ ఎత్తుగా కట్టి, రెండు కొసలు కిందికి దించే తీగ యాంటెన్నా) కూడా కట్టుకోండి.

ప్రశ్న: మాది మూడో అంతస్తు ఫ్లాటు, టెర్రస్ మీద 40 మీటర్ల ఇన్వర్టెడ్ వీ. మాట్లాడేటప్పుడు మైకు పెదవికి చురుక్కుమంటోంది. రేడియో నుంచి కిందికి లావుపాటి ఎర్త్ తీగ దించినా తగ్గలేదు.

జవాబు: మాట్లాడకుండా వింటున్నప్పుడు రేడియో బాడీ ముట్టుకున్నా జిల్లుమంటోందా? అయితే అది కరెంటు లీకేజీ. నాతో కాదు, ఈరోజే ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి.

మైకు నొక్కినప్పుడే అయితే ఆర్‌ఎఫ్. మీ ఎర్త్ తీగ పొడవు పది మీటర్లు ఉంటుంది, 40 మీటర్ల బ్యాండ్‌కి అది సరిగ్గా పావు తరంగం. కింది చివర నేలకి కట్టి ఉంటే, పై చివర రేడియో దగ్గర ఆర్‌ఎఫ్‌కి ఎర్త్ లేనట్టే లెక్క. ఎంత లావు తీగైనా అంతే. పైగా మీరు దించింది ఇంకో యాంటెన్నా. దాన్ని తీసేయండి. కేబుల్ పైపొర మీదుగా రేడియో దాకా వచ్చే ఆర్‌ఎఫ్‌ను ఆపడానికి 31 మిక్స్ (పదార్థం రకం), 240 సైజు ఫెర్రైట్ రింగుకి ఆర్‌జీ-58 కోయాక్స్ కేబుల్ పది పన్నెండు చుట్లు చుట్టి, టెర్రస్ మీద వీ నడిబొడ్డున, ఫీడ్ పాయింట్ దగ్గర పెట్టండి. ఇంకా తగులుతుంటే రేడియో వెనక మరొకటి. ఇవేవీ కరెంటు ఎర్త్‌కి బదులు కాదు, మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా పీకొద్దు.