వెబ్‌సైట్‌లో తేదీ, టైము ఎలా రాస్తే విదేశాల వాళ్లకి కూడా అర్థమవుతుంది?

ప్రశ్న: బరంపురంలో మాకు పట్టుచీరల షాపు ఉంది. వెబ్‌సైట్‌లో తేదీలు, టైములు చూసి విదేశాల్లో ఉన్నవాళ్లు తికమకపడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: 03/04/2025 అంటే మనకి ఏప్రిల్ 3. లండన్‌లోనూ అంతే. అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి వాళ్లకది మార్చి 4. పర్లాకిమిడిలో మా బావ డెలివరీ తేదీ ఇలాగే పెట్టాడు. నెల ముందే న్యూజెర్సీ నుంచి ఫోను, "పార్సిల్ ఏదండీ?" అని. 25/04 అయితే 25వ నెల ఉండదు కాబట్టి ఎవరైనా పోల్చుకుంటారు. 12 లోపు అంకెలతోనే చిక్కంతా.

నెలను అక్షరాల్లో రాయండి: 3 ఏప్రిల్ 2025. సగం గొడవ అక్కడే పోతుంది. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ పద్ధతి, అంటే ఏడాది, నెల, రోజు వరసలో 2025-04-03, డేటాబేస్‌కి బాగుంటుంది గానీ చీర కొనేవాళ్ల కంటికి కాస్త మోటు.

టైము దగ్గర ఇంకా జాగ్రత్త. ఉత్త ఐఎస్‌టీ అని రాయకండి, ఇజ్రాయెల్, ఐర్లండ్ వాళ్లకీ ఐఎస్‌టీ ఉంది. "భారత కాలమానం, యూటీసీ+5:30" అనండి. యూటీసీ అంటే ప్రపంచమంతా లెక్కకి ఆధారంగా పెట్టుకున్న టైము, మనం దానికి ఐదున్నర గంటలు ముందు. మన సాయంత్రం 7 గంటలు న్యూయార్క్‌లో ఏప్రిల్‌లో ఉదయం 9:30, డిసెంబరులో 8:30. వేసవికి వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు మరి. అందుకే చేత్తో లెక్కేసి పెట్టొద్దు. సర్వర్‌లో యూటీసీలో దాచి, జావాస్క్రిప్ట్‌తో (బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష) చూసేవాళ్ల ఊరి టైములోకి మార్చి, పక్కనే మన టైము కూడా చూపించండి.

"ఆఫర్ 5వ తేదీ రాత్రి 12 వరకు" అనీ రాయొద్దు. 5 మొదలయ్యే రాత్రా, ముగిసే రాత్రా? 11:59 అని పెట్టేయండి.